వాదనగా ప్రదర్శన: ఓక్వి ఎన్వెజోర్ క్యూరేటర్ కృషి – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

సంకలనం కూడా విమర్శలో ఒక రూపమేనని తెలుగు సాహిత్య విద్యార్థులకు వేరుగా చెప్పనవసరం లేదు. ముద్దుకృష్ణ కూర్చిన ‘వైతాళికులు’ (1935) విడివిడిగా చెల్లాచెదురై ఉన్న కవితలను ఒకచోట చేర్చి, వాటి వెనుక ఒక యుగం ఉన్నదని పాఠకులకు చూపింది. స్త్రీవాద కవిత్వానికి ‘నీలిమేఘాలు’ (1993) అటువంటి పనే చేసింది. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరి పక్కన ఎవరిని నిలపాలి, ముందుమాటలో ఏ వాదాన్ని ప్రతిపాదించాలి అనే మూడు నిర్ణయాలతో సంకలనకర్త సాహిత్య చరిత్రలో జోక్యం చేసుకుంటాడు. ఆ నిర్ణయాలతో ఏకీభవించని వారు సైతం తరువాతి కాలంలో వాటిని దాటి ముందుకు పోలేరు.

దృశ్యకళల్లో ఈ పాత్ర క్యూరేటర్‌ది. ఒకప్పుడు ఆ మాటకు సంగ్రహాలయంలోని వస్తువులను భద్రపరిచే అధికారి అనే అర్థం ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ఆ అర్థం విస్తరించి, కళాఖండాల ఎంపిక ద్వారా, అమరిక ద్వారా ఒక ఆలోచనను ప్రతిపాదించే వ్యక్తి క్యూరేటర్ అయ్యాడు. అయితే సంకలనానికీ ప్రదర్శనకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. అచ్చయిన సంకలనం గ్రంథాలయంలో నిలిచి ఉంటుంది. ప్రదర్శన కొన్ని నెలలకు గోడల మీది నుంచి దిగిపోతుంది. దానికి భవనం కావాలి, రవాణా కావాలి, బీమా కావాలి, కాపలా కావాలి, అన్నిటికీ మించి డబ్బు కావాలి. కనుక క్యూరేటర్ తన అభిప్రాయాన్ని ఎప్పుడూ ఏదో ఒక సంస్థ గొంతుతో కలిపే చెప్పవలసి వస్తుంది. అతడే ఆ సంస్థకు సంచాలకుడైనప్పుడు ఈ చిక్కు మరింత బిగుస్తుంది.

నైజీరియాలో పుట్టి, అమెరికాలో చదివి, జర్మనీలో కన్నుమూసిన ఓక్వి ఎన్వెజోర్ (1963–2019) వృత్తి జీవితం ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి అనువైన ఉదాహరణ. ప్రదర్శనను చారిత్రక వాదనగా మలచడం ఆయన ప్రధాన సాధన. ఆ వాదనను నిలబెట్టే సంస్థను మలచడంలో ఆయనకు దక్కింది పాక్షిక విజయమే. ఈ రెండింటినీ విడివిడిగా తూచి, వాటి మధ్య సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కవిత్వం, రాజనీతి, పత్రిక

ఎన్వెజోర్ 1963లో నైజీరియాలోని కాలబార్‌లో ఒక ఇగ్బో కుటుంబంలో జన్మించాడు. ఆయన బాల్యంలోనే బియాఫ్రా యుద్ధం (1967–70) జరిగింది. ఒక కొత్త దేశం స్వాతంత్ర్యం పొందిన పదేళ్లలోపే తనలో తాను చీలిపోవడం ఆ తరం అనుభవం. 1982లో అమెరికా చేరి, న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో రాజనీతిశాస్త్రం చదివాడు. న్యూయార్క్‌లో కవిగా వేదికలెక్కాడు. కళాచరిత్రలో శిక్షణ పొందలేదు. ఈ విషయాన్ని ఆయన లోపంగా ఎత్తిచూపినవారున్నారు. అయితే ఆయన ప్రత్యేకత మూలం కూడా ఇక్కడే ఉంది. శైలీ పరిణామాన్ని మెట్టు మెట్టుగా చెప్పే కళాచరిత్ర పద్ధతి ఆయనకు అలవాటుగా అబ్బలేదు. ఒక చిత్రాన్ని చూసినప్పుడు అది ఏ శైలికి చెందుతుందన్న ప్రశ్నకంటే, అది ఏ రాజకీయ ఘడియలో ఎవరినుద్దేశించి మాట్లాడుతున్నదన్న ప్రశ్నే ఆయనకు ముందు తోచేది.

1994లో చికా ఓకెకె-అగులు, సలా హసన్‌లతో కలిసి ఆయన ‘ఎన్కా’ అనే పత్రికను స్థాపించాడు. సమకాలీన ఆఫ్రికా కళకు అంకితమైన ఆ పత్రిక పేరుకు ఇగ్బో భాషలో కళ, సృజన అనే అర్థాలు, కామెరూన్‌లోని బాసా భాషలో ప్రసంగం, చర్చ అనే అర్థాలు ఉన్నాయి. కళ, చర్చ ఒకే మాటలో ఇమిడిన ఈ పేరు ఎన్వెజోర్ తరువాతి కృషికంతటికీ సూత్రప్రాయంగా కనిపిస్తుంది. ఆయన సంగ్రహాలయంలోకి అడుగుపెట్టక ముందే పత్రికా సంపాదకుడన్న సంగతి గమనించదగింది. ప్రదర్శనను గదుల వరుసగా కాక, వ్యాసాల సంపుటిగా భావించే అలవాటు ఆయనకు పత్రిక నుంచి వచ్చింది.

1996లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో, 1940 నుంచి నాటి వర్తమానం వరకు ఆఫ్రికా ఛాయాగ్రాహకుల పనిని చూపిన ‘ఇన్‌సైట్’ ప్రదర్శన రూపకల్పనలో ఆయన ఒకడు. అదే వేసవిలో, అదే భవనంలో ఆఫ్రికా ఖండపు సంప్రదాయ కళను చూపే మరొక భారీ ప్రదర్శన జరిగింది. ఒకవైపు కర్తల పేర్లు తెలియని ముసుగులు, విగ్రహాలు. మరొకవైపు బమాకో నగరంలో సొంత స్టూడియో నడిపిన సేడు కెయిటా, తన రూపాన్నే వేషాలు మార్చి తీసుకున్న శామ్యూల్ ఫోసో. కెయిటా ఛాయాచిత్రాల్లో మనుషులు తాము ఎలా కనబడదలచారో తామే నిర్ణయించుకుని, పూల బట్టల తెర ముందు కూర్చుని కెమెరా వైపు సూటిగా చూస్తారు. జాతిశాస్త్ర పరిశోధకుడి కెమెరా ముందు నిలబెట్టిన ‘నమూనా’కూ, రుసుము చెల్లించి తన చిత్రం తీయించుకున్న పౌరుడికీ ఉన్న తేడా ఆ చిత్రాల్లో వ్యాఖ్యానం అవసరం లేకుండానే తెలుస్తుంది. ఆఫ్రికాకు ఆధునికత బయటి నుంచి అరువుగా వచ్చిందన్న అభిప్రాయాన్ని ఈ ప్రదర్శన ఛాయాచిత్రాల సాక్ష్యంతోనే ఖండించింది.

జొహానెస్‌బర్గ్: మొదటి హెచ్చరిక

1997లో రెండవ జొహానెస్‌బర్గ్ బియెనాలేకు ఎన్వెజోర్ కళాదర్శకుడయ్యాడు. ‘వాణిజ్య మార్గాలు: చరిత్ర, భూగోళం’ అన్నది దాని శీర్షిక. దేశానికొక మండపం కేటాయించే వెనిస్ పద్ధతిని ఆయన తోసిపుచ్చాడు. పలువురు క్యూరేటర్ల మధ్య పనిని పంచాడు. ఓడల దారుల్లో, బానిస వ్యాపారంలో, వలసల్లో ప్రపంచీకరణ ఎప్పుడో మొదలైందనీ, దక్షిణాఫ్రికా ఆ చరిత్ర నడిబొడ్డున ఉన్నదనీ ఆ ప్రదర్శన వాదించింది.

వాదన బలమైనదే. కానీ ఆ నగరం అప్పటికి జాతివివక్ష పాలన నుంచి బయటపడి మూడేళ్లు. సత్యం, సయోధ్యల కమిషన్ ఎదుట బాధితుల వాంగ్మూలాలు ఇంకా సాగుతున్నాయి. ప్రపంచ చలనాన్ని గురించిన ఆ ప్రదర్శనలో తమ నగరపు తక్షణ వేదనకు చోటు చాలలేదని స్థానికులు పలువురు భావించారు. నగర పాలక సంస్థ డబ్బు లేక ప్రదర్శనను గడువుకన్నా ముందే మూసివేసింది. మూడవ బియెనాలే జరగనే లేదు.

అదే ఏడాది ఎన్వెజోర్ రాసిన ఒక వ్యాసం దక్షిణాఫ్రికాలో పెద్ద దుమారం లేపింది. శ్వేతజాతి కళాకారులు కొందరు నల్లజాతి దేహాలను తమ చిత్రాల్లో వాడుకుంటున్న తీరును అది నిశితంగా ప్రశ్నించింది. ఒకరి బాధను మరొకరు చిత్రించే హక్కు గురించిన ఆ చర్చ 1999లో ఒక సంకలన గ్రంథంగా వెలువడేంత దూరం వెళ్ళింది. తెలుగులో దళిత, స్త్రీవాద సాహిత్యాల సందర్భంలో అనుభవానికీ, సానుభూతికీ మధ్య సాగిన వాదోపవాదాలు తెలిసినవారికి ఈ చర్చ స్వభావం సులభంగా బోధపడుతుంది.

జొహానెస్‌బర్గ్ అనుభవంలో ఆయన తరువాతి జీవితమంతా బీజరూపంలో కనిపిస్తుంది. విశాలమైన చారిత్రక దృష్టి, సహకార పద్ధతి, నిర్భయమైన విమర్శ ఒక పక్క. ఆతిథ్యమిచ్చిన సంస్థ బలహీనత, స్థానిక ప్రేక్షకుడితో పూర్తిగా కుదరని పొత్తు మరొక పక్క.

డాక్యుమెంటా 11: వేదికలూ కేంద్రమూ

జర్మనీలోని కాసెల్ నగరంలో 1955లో ఆర్నోల్డ్ బోడె ప్రారంభించిన డాక్యుమెంటా సమకాలీన కళకు ప్రపంచంలో అత్యంత ప్రతిష్ఠగల వేదికల్లో ఒకటి. 2002లో జరిగిన పదకొండవ డాక్యుమెంటాకు కళాదర్శకుడైన ఎన్వెజోర్, ఆ బాధ్యత చేపట్టిన తొలి ఐరోపాయేతరుడు. ఆయన చేసిన మొదటి పని ప్రదర్శన అనే భావననే విస్తరించడం. డాక్యుమెంటాను ఐదు ‘వేదికలు’గా విభజించాడు. మొదటిది ప్రజాస్వామ్యం గురించి వియన్నా, బెర్లిన్ నగరాల్లో. రెండవది సత్య కమిషన్లు, పరివర్తన దశలోని న్యాయం గురించి 2001 మేలో న్యూఢిల్లీలో. మూడవది భాషా సంస్కృతుల సమ్మిశ్రణం గురించి కరీబియన్ ద్వీపమైన సెయింట్ లూసియాలో. నాల్గవది నాలుగు ఆఫ్రికా నగరాల స్థితిగతుల గురించి లాగోస్‌లో. ఈ నాలుగూ ముగిసిన తరువాతనే ఐదవ వేదికగా కాసెల్ ప్రదర్శన మొదలైంది.

ఢిల్లీ వేదికకు గాంధీ ఆత్మకథ శీర్షికను తలపించే ‘సత్యంతో ప్రయోగాలు’ అన్న పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. దక్షిణాఫ్రికాలో మొదలై భారతదేశంలో ఫలించిన ఒక రాజకీయ ప్రయోగాన్ని, జాతివివక్షానంతర దక్షిణాఫ్రికాలో సాగుతున్న మరొక ప్రయోగంతో కలిపి చదవమని ఆ పేరు సూచిస్తుంది. కాసెల్ ప్రదర్శనలో అమర్ కన్వర్, రవి అగర్వాల్, రక్స్ మీడియా కలెక్టివ్ పాల్గొనడం వల్ల భారతీయ సమకాలీన కళ కూడా ఈ చర్చలో భాగమైంది.

ప్రదర్శనలోని ఒక కృతిని దగ్గరగా చూస్తే ఎన్వెజోర్ ఎంపికలోని తర్కం తెలుస్తుంది. స్టీవ్ మెక్వీన్ చిత్రం ‘వెస్టర్న్ డీప్’ దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలోకి, ప్రపంచంలోకెల్లా లోతైన వాటిలో ఒకదానిలోకి, ప్రేక్షకుణ్ణి దింపుతుంది. ఆరంభంలో చాలాసేపు చీకటి, లిఫ్టు పంజరం లోహపు మోత తప్ప మరేమీ లేదు. అప్పుడప్పుడు ఒక ముఖం, ఒక హెల్మెట్ మెరిసి మాయమవుతాయి. తరువాత గనికార్మికులు వైద్య పర్యవేక్షణలో, సంకేత ధ్వనికి లోబడి, యంత్రాల్లా మెట్టు ఎక్కి దిగుతూ ఉంటారు. వ్యాఖ్యానం లేదు, గణాంకాలు లేవు. వలస ఆర్థిక వ్యవస్థ గురించి ఎంత చదివినవాడికైనా ఆ చీకట్లో శరీరానికి తెలిసేది వేరు. ఎన్వెజోర్ ప్రదర్శనలో పాఠం ఎక్కువ, రసం తక్కువ అన్న విమర్శకు ఇటువంటి కృతులే సమాధానం.

అయినా ఆ విమర్శను పూర్తిగా తోసిపుచ్చలేము. కాసెల్‌లో చలనచిత్రాలు, వీడియోలు, దస్తావేజులు ఎంత విస్తారంగా ఉన్నాయంటే, ఒక ప్రేక్షకుడు అన్నింటినీ ఆసాంతం చూడటం అసాధ్యం. చూడలేనంత సాక్ష్యాన్ని పేర్చడం కూడా ఒక అలంకారమే, అది ప్రపంచపు వైశాల్యాన్ని సూచిస్తుందని సమర్థించవచ్చు. కానీ ఏ కృతినీ పూర్తిగా చూడకుండా తిరిగివెళ్లిన ప్రేక్షకుడికి మిగిలేది కృతుల అనుభవం కాదు, క్యూరేటర్ ఉద్దేశం గురించిన సమాచారం మాత్రమే. సంకలనంలో కవితల కన్నా ముందుమాటే గుర్తుండిపోతే ఎటువంటి లోటో, ఇదీ అటువంటి లోటే.

ఇంతకన్నా లోతైన ప్రశ్న మరొకటి ఉంది. చర్చలు ఢిల్లీ, సెయింట్ లూసియా, లాగోస్‌లలో జరిగాయి. కళాఖండాలు, నిధులు, సుమారు ఆరున్నర లక్షల సందర్శకులు కాసెల్‌కే చెందారు. అంచుల్లోని ఆలోచనను సేకరించి కేంద్రంలో ప్రదర్శించడం జరిగింది తప్ప, కేంద్రం తన చోటు నుంచి కదలలేదని ఒక వాదం. చర్చా సంపుటాలు ప్రచురితమై ప్రపంచ విశ్వవిద్యాలయాలకు చేరాయి కాబట్టి ఆలోచన ఒకచోటే బందీ కాలేదని మరొక వాదం. ఈ రెండు వాదాల్లోనూ సత్యం ఉంది. అయితే రెండవ వాదం నిలిచేది గ్రంథం వల్లనే గాని ప్రదర్శన వల్ల కాదన్నది గమనార్హం. ఎన్వెజోర్ కృషిలో శాశ్వతమైన భాగం గోడల మీద కన్నా పుటల్లోనే ఎక్కువగా ఉన్నదన్న అనుమానం ఇక్కడి నుంచే బలపడుతుంది.

సంగ్రహం లేని సంగ్రహాలయం

డాక్యుమెంటా తరువాత ఎన్వెజోర్ శాన్ ఫ్రాన్సిస్కో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో డీన్‌గా పనిచేశాడు. 2008లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జు బియెనాలేకు సారథ్యం వహించాడు. 2011లో మ్యూనిక్‌లోని హౌస్ డేర్ కున్‌స్ట్‌కు సంచాలకుడయ్యాడు. అంతవరకు అతిథిగా వచ్చి వెళ్ళే క్యూరేటర్, ఇప్పుడు ఇంటి యజమాని బాధ్యత తీసుకున్నాడు.

ఆ ఇల్లు మామూలు ఇల్లు కాదు. నాజీ ప్రభుత్వం తన కళాదర్శాన్ని చాటుకోవడానికి పౌల్ లుడ్విగ్ ట్రోస్ట్ నమూనా మీద కట్టించిన భవనం అది. 1937 జులై 18న ‘జర్మన్ కళా భవనం’ పేరుతో, అధికారిక కళా ప్రదర్శనతో హిట్లర్ దానిని ప్రారంభించాడు. మరునాడే అక్కడికి కూతవేటు దూరంలో ఆధునిక చిత్రకారులను అవహేళన చేస్తూ ‘పతిత కళ’ ప్రదర్శన మొదలైంది. యుద్ధం ముగిశాక భవనం పేరులోంచి ‘జర్మన్’ అన్న విశేషణం తొలగిపోయింది. 1955లో పికాసో ‘గెర్నికా’ అక్కడ ప్రదర్శితమైంది. ఆ భవనానికి సొంత సంగ్రహం లేదు. సంగ్రహాలయం అనదగిన సంస్థే అయినా దానిలో సంగ్రహమంటూ లేదు. భద్రపరచవలసిన వస్తువు ఏదైనా ఉందంటే అది ఆ భవనపు చరిత్ర ఒక్కటే.

ఎన్వెజోర్ ఈ విషయాన్ని స్పష్టంగా గుర్తించాడు. 2012లో, భవనానికి 75 ఏళ్లు నిండిన సందర్భంలో, 1937 నుంచి 1955 వరకు ఆ భవనం కళను భావజాల సాధనంగా ఎలా వాడిందో చూపే ప్రదర్శన ఏర్పాటైంది. 2014లో భవనంలోనే ఆర్కైవ్ గ్యాలరీ ప్రారంభమైంది. సంస్థ తన దస్తావేజులను తానే గోడల మీద పరచి, తన మీద తానే సాక్ష్యం చెప్పుకోవడం ఇందులోని విశేషం. ఈ ఘనత ఆయన ఒక్కడిదే అనడం సరికాదు. ఆయనకు ముందు సంచాలకుడైన క్రిస్ డెర్కాన్ హయాంలోనే, యుద్ధానంతర కాలంలో చేర్చిన తెరలను, కప్పులను తొలగించి భవనపు అసలు రూపాన్ని దాచకుండా చూపే ప్రయత్నం మొదలైంది. ఎన్వెజోర్ దానికి తాత్కాలిక ప్రదర్శనగా కాక, శాశ్వత విభాగంగా రూపమిచ్చాడు. ఆయన నిర్మించిన సంస్థాగత అంశాల్లో అత్యంత దృఢమైనది ఇదే.

ఆయన హయాంలోని కార్యక్రమాలు ఈ ఆత్మపరిశీలనకు పొడిగింపుగా కనిపిస్తాయి. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష పాలన పుట్టుకనూ పతనాన్నీ ఛాయాచిత్రాల ద్వారా చూపే ప్రదర్శన న్యూయార్క్ నుంచి 2013లో మ్యూనిక్ వచ్చింది. జాతి శుద్ధిని కీర్తించడానికి కట్టిన గోడల మీద జాతివివక్షకు ఎదురు నిలిచినవారి ముఖాలు నిలిచాయి. గయానాలో పుట్టిన చిత్రకారుడు ఫ్రాంక్ బౌలింగ్ భారీ వర్ణచిత్రాలు 2017లో ప్రదర్శితమయ్యాయి. భారతీయ కళాకారుడు వివాన్ సుందరం పునరవలోకన ప్రదర్శన 2018లో అక్కడ జరిగింది. ఒకప్పుడు ఎవరిని మినహాయించడం కోసం ఒక భవనం పుట్టిందో, వారినే లోపలికి పిలవడం సులభమైన సంకేతంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఎన్వెజోర్ దానిని సంకేతం స్థాయి నుంచి పరిశోధన స్థాయికి తీసుకుపోవడానికి ప్రయత్నించాడు. ఆ ప్రయత్నపు పరాకాష్ఠ 2016 నాటి ‘యుద్ధానంతరం’ ప్రదర్శన.

దానికి ముందు 2015లో ఆయన వెనిస్ బియెనాలేకు కళాదర్శకుడయ్యాడు. ఆ పదవి చేపట్టిన తొలి ఆఫ్రికా సంతతి వ్యక్తి ఆయనే. ప్రధాన మండపంలో డేవిడ్ అజాయే రూపొందించిన రంగస్థలం మీద కారల్ మార్క్స్ ‘పెట్టుబడి’ గ్రంథాన్ని నెలల తరబడి బిగ్గరగా చదివించడం ఆ బియెనాలేలో ఎక్కువగా చర్చకు వచ్చిన అంశం. రేవులో సంపన్నుల విహార నౌకలు లంగరు వేసి ఉండగా లోపల ‘పెట్టుబడి’ పారాయణం సాగడం హాస్యాస్పదమని విమర్శకులు కొందరు ఎత్తిపొడిచారు. ఆ వైరుధ్యాన్ని ఎన్వెజోర్ ఎరగనివాడు కాదు. కళా విపణికి నడిబొడ్డున ఆ గ్రంథాన్ని వినిపించడమే ఆయన ఉద్దేశం. అయితే పారాయణానికి ఒక గుణం ఉంది. వినేవాడికి పుణ్యం దక్కుతుంది, అర్థం దక్కాలన్న నియమం లేదు. వెనిస్‌లో ఆ గ్రంథం విపణిని ప్రశ్నించిన దానికన్నా దానికి నేపథ్య సంగీతంగా మారిన సందర్భాలే ఎక్కువ. ఆయన ప్రదర్శనల్లో ఉద్దేశం కృతిని మింగివేసిన సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే.

‘యుద్ధానంతరం’: వాదన పరిణతి

2016 అక్టోబరు నుంచి 2017 మార్చి వరకు హౌస్ డేర్ కున్‌స్ట్‌లో జరిగిన ‘యుద్ధానంతరం: పసిఫిక్, అట్లాంటిక్ మధ్య కళ, 1945–1965’ ప్రదర్శనను ఎన్వెజోర్, కేటీ సీగెల్, ఉల్రిష్ విల్మెస్ కలిసి రూపొందించారు. 65 దేశాలకు చెందిన 218 మంది కళాకారుల 350 కృతులు అందులో ఉన్నాయి. ఈ సంఖ్యల వెనుక ఉన్న ప్రతిపాదన ముఖ్యం. 1945 తరువాత ఆధునిక కళా రాజధాని పారిస్ నుంచి న్యూయార్క్‌కు తరలిందన్నది పాఠ్యగ్రంథాల కథ. ఈ కథలో నటులు ఇద్దరే, రంగస్థలం అట్లాంటిక్ ఒక్కటే. పసిఫిక్ సముద్రాన్ని కూడా పటంలోకి తెస్తే 1945 అర్థం మారిపోతుంది. జర్మనీకి అది శూన్య ఘడియ. జపాన్‌కు హిరోషిమా. ఆసియా, ఆఫ్రికాలలోని అధిక భాగానికి వలసపాలన ముగింపుకు ఆరంభం. ఒకే సంవత్సరం ఒకచోట విధ్వంసం, మరొకచోట ఉదయం.

ప్రదర్శన తొలి భాగంలోనే ఇరి, తోషి మారుకి దంపతుల హిరోషిమా చిత్రఫలకాలను నిలపడం ఈ దృష్టికి తగిన ఆరంభం. నైరూప్య చిత్రకళను పాశ్చాత్య స్వేచ్ఛకు పర్యాయపదంగా చూసే అలవాటు ఈ ఫలకాల ముందు చెదిరిపోతుంది. కాలిన దేహాన్ని చిత్రించడానికి సంప్రదాయ జపనీయ సిరా పద్ధతి ఎందుకు అవసరమైందో ఆలోచించక తప్పదు. ఇక్కడ వాదన కృతి మీద రుద్దినట్టు లేదు, కృతి నుంచే పుట్టుకొస్తుంది. కాసెల్‌లో కనిపించిన అతివిస్తారం ఇక్కడ ఎనిమిది భాగాల క్రమశిక్షణలోకి ఒదిగింది. ఎన్వెజోర్ ప్రదర్శనా రచనలో పరిణతి ఇదే.

ఈ ప్రదర్శన మూడు భాగాల ప్రణాళికలో మొదటిది. వలసానంతర కాలం గురించి, కమ్యూనిజం పతనం తరువాతి కాలం గురించి మరో రెండు ప్రదర్శనలు రావలసి ఉంది. అవి రాలేదు.

నిష్క్రమణ, అవశేషం

2018 జూన్‌లో ఎన్వెజోర్ ఆరోగ్య కారణాలతో, ఒప్పందం గడువుకు ముందే, సంచాలక పదవి నుంచి తప్పుకున్నాడు. అప్పటికి ఆయన క్యాన్సర్‌తో పోరాడుతున్నాడు. సంస్థ ఆర్థిక ఇబ్బందుల్లో ఉంది. ఆ తరువాత ఖర్చు కారణంగా జోన్ జోనాస్, ఏడ్రియన్ పైపర్ ప్రదర్శనలు రద్దయ్యాయి. 2015లో ఎన్వెజోర్ వెనిస్ ప్రదర్శనలోనే పైపర్ ఉత్తమ కళాకారిణిగా స్వర్ణసింహ పురస్కారం పొందింది. ఇప్పుడు ఆయన నడిపిన భవనంలోనే ఆమెకు చోటు లేకపోయింది. తరువాతి కార్యక్రమాల్లో యోర్గ్ ఇమ్మెండోర్ఫ్, మార్కుస్ ల్యూపెర్ట్స్ వంటి జర్మన్ చిత్రకారుల ప్రదర్శనలు ప్రముఖంగా నిలిచాయి. వారు విలువలేని కళాకారులని దీని అర్థం కాదు. ప్రపంచ పటాన్ని తిరగగీయబూనిన భవనం, కష్టం వచ్చేసరికి తనకు అలవాటైన పటానికి మళ్లిందన్నదే ఇందులోని సారాంశం.

ఇందులో బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు రెండు సులభమైన సమాధానాలు ఉన్నాయి. మేధావి అయిన క్యూరేటర్‌కు లెక్కలు పట్టలేదన్నది మొదటిది. సంకుచితమైన వ్యవస్థ ఒక ఆఫ్రికన్‌ను నిలవనివ్వలేదన్నది రెండవది. రెండూ సమస్యను వ్యక్తుల గుణగణాలకు కుదిస్తాయి. సొంత సంగ్రహం లేని సంస్థ ప్రతి ఏటా కొత్తగా అప్పు తెచ్చిన కృతులతోనే బతకాలి. పరిశోధన మీద ఆధారపడిన భారీ ప్రదర్శనకు ఏళ్ల తరబడి పని, ఖండాంతరాల రవాణా అవసరం. వాదన ఎంత విశాలమైతే ఖర్చు అంత పెద్దది. ఎన్వెజోర్ మార్గంలో ఆశయానికీ వ్యయానికీ ఉన్న ఈ లంకె జొహానెస్‌బర్గ్ నాటి నుంచీ ఉంది. దానికి పరిష్కారం ఆయనకు దొరకలేదు. సంచాలకుడిగా ఆయన మీద నిలిచే న్యాయమైన విమర్శ ఇది.

అయితే లెక్క ఇక్కడితో ముగియదు. 2019 మార్చి 8న హౌస్ డేర్ కున్‌స్ట్‌లో ఎల్ అనాట్సుయి బృహత్ ప్రదర్శన ప్రారంభమైంది. ‘ఎన్కా’ కాలం నాటి మిత్రుడు చికా ఓకెకె-అగులుతో కలిసి ఎన్వెజోర్ దానిని రూపొందించాడు. సీసా మూతలను రాగితీగతో కుట్టి రాజసమైన వస్త్రాల్లా వేలాడదీసే అనాట్సుయి, ఈసారి వాడిన అచ్చు రేకులతో భవనపు ముఖభాగాన్నే కప్పాడు. ట్రోస్ట్ నిలిపిన రాతి స్తంభాల వరుసకు ముందు పారేసిన లోహం అలలా పరచుకుంది. వారం తరువాత, మార్చి 15న, 55 ఏళ్ల వయసులో ఎన్వెజోర్ మ్యూనిక్‌లో మరణించాడు.

ఆయన ఆలోచించి పెట్టిన ప్రదర్శనలు ఆ తరువాత కూడా ఇతరుల చేతుల మీదుగా రూపుదిద్దుకున్నాయి. అమెరికాలో నల్లజాతి శోకాన్ని గురించిన ప్రదర్శన 2021లో న్యూయార్క్‌లోని న్యూ మ్యూజియంలో జరిగింది. 2023 నాటి షార్జా బియెనాలే ఆయన ప్రతిపాదించిన భావన మీదనే, హూర్ అల్ కాసిమి సారథ్యంలో నడిచింది. రూపకర్త లేకుండానే ప్రదర్శన నిలబడగలిగిందంటే, దానిలో వ్యక్తిగత అభిరుచికి మించిన పద్ధతి ఒకటి ఉన్నదన్నమాట. ఆ పద్ధతిని ఇతరులు నేర్చుకోగలిగారు. సహ క్యూరేటర్లతో పనిని పంచుకోవడం జొహానెస్‌బర్గ్ నుంచీ ఆయన పాటించిన నియమం. ఆ నియమం ఆయన మరణానంతరం ఫలించింది.

ముగింపు

ఓక్వి ఎన్వెజోర్ కృషిని సందర్శకుల సంఖ్యతోనో, ఆదాయ వ్యయాలతోనో, ఆయన పొందిన పదవుల వరుసతోనో కొలిస్తే అసలు విషయం చేజారుతుంది. ఆయన సాధించినది మూడు స్థాయిల్లో కనిపిస్తుంది. మొదటిది, ఆధునికతకు ఒకే జన్మస్థలం ఉన్నదన్న కథనాన్ని ప్రదర్శన అనే సాధనంతో ఖండించడం. రెండవది, ప్రదర్శనను చర్చ, గ్రంథం, దస్తావేజులతో కలిపి ఒక పరిశోధన రూపంగా విస్తరించడం. మూడవది, కళంకిత చరిత్ర ఉన్న సంస్థ ఆ చరిత్రను దాచకుండా దానినే తన సంపదగా మార్చుకోగలదని మ్యూనిక్‌లో చూపడం.

ఆయన పరిమితులూ స్పష్టమే. వాదన బరువు కృతి మోయలేనంతైన సందర్భాలు ఉన్నాయి, అందుకు వెనిస్ ఉదాహరణ. అంచుల్లో పుట్టిన ఆలోచన చివరికి కేంద్రపు గోడల మీదనే గౌరవం పొందవలసి రావడం ఆయన దాటలేని వైరుధ్యం. వాదనను మోయగల స్థిరమైన ఆర్థిక పునాదిని ఆయన ఏ సంస్థలోనూ కట్టలేకపోయాడు.

తెలుగులో సంకలనకర్తల పనిని అంచనా వేసేటప్పుడు ఎంపికలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్న దగ్గరే విమర్శ తరచుగా ఆగిపోతుంది. ఎన్వెజోర్ ఉదాహరణ మరో రెండు ప్రశ్నలను జోడిస్తుంది. ఆ ఎంపిక ఎవరి ఇంట్లో, ఎవరి ఖర్చుతో జరిగింది? కూర్చినవాడు వెళ్లిపోయాక ఆ కూర్పు నేర్పిన చూపు ఎవరి దగ్గర మిగిలింది? మొదటి ప్రశ్నకు మ్యూనిక్ ఇచ్చిన సమాధానం నిరాశ కలిగిస్తుంది. రెండవ ప్రశ్నకు సమాధానం ఆయనతో పనిచేసిన తరం చేతుల్లో ఇంకా రూపొందుతూనే ఉంది.